నేల మ్యాట్‌తో యోధురాలి కవచం: మూడు కాస్ట్యూమ్‌ల తర్వాత ఈవీఏ ఫోమ్ రివ్యూ

జిమ్‌లలోనూ పిల్లలు ఆడుకునే గదుల్లోనూ నేల మీద పరిచే మ్యాట్‌లు ఉంటాయి చూడండి, అంచులు పజిల్ ముక్కల్లా ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, ఈ రివ్యూ వాటి గురించే. కానీ నేల మీద పరచడానికి కాదు, ఒంటి మీద తొడుక్కోవడానికి. ఇప్పటికి వాటితో మూడు కాస్‌ప్లే కాస్ట్యూమ్‌లు, అంటే సినిమాల్లో, గేముల్లో, కామిక్స్‌లో ఉండే పాత్రల్లా వేసుకునే వేషాలు చేశాను. మొదటిది కన్వెన్షన్ (ఇలాంటి అభిమానులంతా వేషాలతో కలిసే వేడుక) మధ్యలోనే ఊడిపోయింది. రెండోది నిలబడింది కానీ దూరం నుంచి చూస్తేనే బాగుంది. మూడోదాన్ని రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకుని తిరిగినా ఒక్క అతుకు కూడా కదల్లేదు. మూడింటికీ వాడింది ఒకే రకం మ్యాట్. అందుకే గట్టిగా చెప్పగలను, ఈ మ్యాట్ పనికిరాదని చాలామంది వదిలేయడానికి కారణం మ్యాట్ కాదు, దాన్ని అతికించిన జిగురు, కోసిన బ్లేడు. డబ్బు తక్కువగా ఉంటే ఫోమ్ దగ్గర ఆదా చేయండి, ఆ రెండింటి దగ్గర మాత్రం చేయకండి.

ముందు ఈ సరుకు ఏమిటో చెబుతాను. ఈవీఏ అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. రన్నింగ్ షూలో మడమ కింద మెత్తగా ఉండే పొర, తేలికపాటి చెప్పుల అడుగు భాగం చాలావరకు దీనితోనే చేస్తారు. లోపలి గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చదు, చెమటకి నానదు. కట్టర్‌తో కోస్తే తెగుతుంది, వేడి చేస్తే మెత్తబడుతుంది, వంచి పట్టుకుంటే చల్లారాక ఆ వంపులోనే నిలబడిపోతుంది. ఇంట్లో చేసుకునే కవచానికి ఇంతకంటే ఏం కావాలి! మామూలుగా దొరికే మ్యాట్ 60 సెంటీమీటర్ల చదరం, 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు కాలు జారకుండా గరుకుగా ఉంటుంది. నా మూడో కాస్ట్యూమ్‌లో ఛాతీ, వీపు, భుజాలు, ముంజేతులు, పిక్కలు, నడుము చుట్టూ వేలాడే పలకలు అన్నీ కలిపి 6 మ్యాట్‌లు పట్టాయి. అందులో ఒకటిన్నర నా తప్పు కోతలకే పోయింది, కొత్తగా చేసేవాళ్లు అంత అదనంగా లెక్క వేసుకోవడం మంచిది.

మ్యాట్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకేలా ఉండవు. తేడా అంతా సాంద్రతలో ఉంటుంది, అంటే అదే సైజులో ఎంత సరుకు కుక్కారు అన్నదే. షాపులో చూసి కొనగలిగితే బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పైకి లేచిపోతే మంచిది, వేలి ముద్ర అలాగే ఉండిపోతే వద్దు. అంచు వైపు నుంచి చూస్తే లోపలి బుడగలు కంటికి కనిపించనంత చిన్నగా ఉండాలి. బ్రెడ్ ముక్కలో రంధ్రాల్లా కనిపిస్తే అది కోసేటప్పుడు చిరుగుతుంది, శాండ్ పేపర్ పెడితే రాలిపోతుంది, ఎన్ని పూతలు వేసినా పెయింట్ కింద గరుకు తెలుస్తూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నొక్కి చూడలేం కాబట్టి నేను ఒకే కొలతలున్న రెండు మ్యాట్‌ల బరువు పోల్చి, ఎక్కువ బరువున్నది తీసుకుంటాను, ఈ చిట్కా నన్ను ఇంతవరకు మోసం చేయలేదు. రంగు గురించి మాత్రం ఆలోచించకండి, ఎలాగూ పైన పెయింట్ వస్తుంది. ఒక్క విషయం ఏమిటంటే, ముదురు బూడిద రంగో నలుపో అయితే మూల మీద పెయింట్ చిన్నగా లేచిపోయినా అది ఇనుము అరిగినట్టే ఉంటుంది, అదే ఎర్ర మ్యాట్ మీద అయితే పది అడుగుల దూరం నుంచి కూడా పట్టేస్తారు.

కాస్‌ప్లే కోసమే ప్రత్యేకంగా అమ్మే ఫోమ్ కూడా ఉంది, అది 2, 5, 10 మిల్లీమీటర్ల మందాల్లో రోల్స్‌గానో షీట్లుగానో దొరుకుతుంది. రెండు వైపులా నున్నగా ఉంటుంది, సాంద్రత ఎక్కువ, కోత అద్దంలా వస్తుంది. వాడి చూశాను, నిజంగా బాగుంటుంది, కాదనను. కానీ ఖర్చు చూసుకునేవాళ్లు కాస్ట్యూమ్ మొత్తం దానితో చేయనక్కర్లేదు. పెద్ద పెద్ద పలకలన్నీ నేల మ్యాట్‌తో చేసి, పైన అంచు పట్టీలు, నగిషీలు, మేకు తలల్లాంటి చిన్న చిన్న అలంకారాలకి స్కూల్ ప్రాజెక్టుల కోసం అమ్మే 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్లు వాడితే చాలు. నేను రెండో కాస్ట్యూమ్ నుంచి అదే చేస్తున్నాను, ఏది ఎక్కడిదో అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు కొలతలు. ఈ సరుకుతో నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. నెట్‌లో దొరికే ప్యాటర్న్‌లు, అంటే ఏ ముక్క ఏ ఆకారంలో కోయాలో చూపే గీతలు, ప్రింట్ తీసి కోసుకోవచ్చు కానీ అవి ఎవరి ఒంటికో గీసినవి. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి క్లింగ్ ఫిల్మ్ పద్ధతి: పాత టీషర్టు మీద వంటింట్లో వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, దాని మీద అంతటా మాస్కింగ్ టేప్ అంటించి, అద్దం ముందు నిలబడి మార్కర్‌తో కవచం గీతలు ఒంటి మీదే గీయించుకోవాలి. ఒక్కళ్లే చేసుకోలేరు, నాకు మా చెల్లి గీసింది, "అక్కా, ఊపిరి బిగబట్టకు, మామూలుగా నిలబడు" అని పదిసార్లు చెప్పింది. దాని మాట విన్నందుకే మూడో కవచంలో కూర్చోగలిగాను. గీతలు అయ్యాక వెనక నుంచి కత్తిరించి (చర్మానికి దూరంగా, మొండి కొన ఉన్న కత్తెరతో) తీసేసి, గీతల వెంట ముక్కలు చేసి అట్ట మీదకి ఎక్కించాలి. ముక్కలు చేయకముందే ప్రతి గీతకి అడ్డంగా చిన్న చిన్న గుర్తులు పెట్టుకోండి, రెండు ముక్కలు కలిపేటప్పుడు ఏ గుర్తు ఏ గుర్తుకి తగలాలో అవే చెబుతాయి. అవి లేకుండా వంపు ముక్కలు కలపబోతే చివరికి ఒకవైపు వేలెడంత మిగిలిపోతుంది. సగం ఒంటికి గీస్తే చాలు, రెండో సగానికి అట్టను తిరగేసి గీసుకోవాలి. తిరగేయడం మర్చిపోతే రెండూ ఎడమ భుజాలే వస్తాయి, నా ఒకటిన్నర మ్యాట్‌లో కొంత అలాగే పోయింది.

ఇంకో ముఖ్యమైన లెక్క ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. ఫోమ్‌కి మందం ఉంది కాబట్టి చేతి చుట్టుకొలతకి సరిగ్గా కోసి గొట్టంలా చుడితే బిగుసుకుపోతుంది. లోపలి వైపు నొక్కుకుపోతుంది, బయటి వైపు సాగుతుంది, మధ్య పొర మాత్రమే అసలు కొలతలో ఉంటుంది. అందుకే మందాన్ని 3.14తో గుణించి చుట్టుకొలతకి కలపాలి. 12 మిల్లీమీటర్ల మ్యాట్ అయితే దాదాపు 4 సెంటీమీటర్లు. లోపల వేసుకునే బట్టకి ఇంకొంచెం వదలండి. నా మొదటి ముంజేతి కవచం చేతికి ఎక్కకపోవడానికి కారణం ఈ 4 సెంటీమీటర్లే.

కోయడానికి మామూలు కట్టర్ చాలు, బ్లేడు ముక్కలు ముక్కలుగా విరిచి వాడేది, 18 మిల్లీమీటర్ల వెడల్పుది. అసలు విషయం బ్లేడు ఎప్పుడు విరవాలన్నదే. ఫోమ్ మెత్తగా ఉంటుంది కదా, బ్లేడు ఏం అరుగుతుందిలే అనుకుంటాం కానీ చాలా తొందరగా మొద్దుబారిపోతుంది. మొద్దు బ్లేడు కోయదు, లాగుతుంది, అంచు ఎలుక కొరికినట్టు అవుతుంది, ఆ అంచుని ఏ జిగురూ ఏ పెయింటూ కాపాడలేదు. మొదటి కాస్ట్యూమ్ మొత్తం ఒక్క బ్లేడుతో లాగించాను, మూడోదానికి రెండు ప్యాకెట్ల బ్లేడ్లు అయిపోయాయి, తేడా అతుకుల దగ్గర స్పష్టంగా కనబడుతుంది. చేతికి కొంచెం పట్టు తగిలినట్టు అనిపించగానే ఒక ముక్క విరిచేయండి. బ్లేడుని నిటారుగా పట్టుకుని, మొదటిసారి పైపైన గీత, రెండోసారి లోతుగా, మూడోసారి పూర్తిగా, ఇలా కోస్తే అంచు నున్నగా వస్తుంది. మూల తిప్పాలంటే రెండు ముక్కల అంచుల్నీ 45 డిగ్రీల వాలుగా కోసి కలిపితే లంబకోణం వస్తుంది. కింద పాత అట్టలు దళసరిగా వేసుకోండి, కట్టర్ ఎప్పుడూ మీ వైపుకి కాకుండా పక్కకి లాగండి.

హీట్ గన్, అంటే హెయిర్ డ్రయర్ కంటే చాలా వేడి గాలి ఊదే పరికరం, దాని గురించి టెన్షన్ పడే వాళ్లు ఉన్నారు, అక్కర్లేదు, కానీ హెయిర్ డ్రయర్‌తో కానిచ్చేద్దాం అనుకుంటే మాత్రం 12 మిల్లీమీటర్ల మందం ఆ వేడికి లోపలి దాకా మెత్తబడదు. నేను రెండు రోజులు ప్రయత్నించి చూశాను. 2 మిల్లీమీటర్ల షీట్‌కి డ్రయర్ ఏదో కాస్త పనికొస్తుంది, మ్యాట్‌కి హీట్ గన్ కావాల్సిందే. కొనలేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి ఒక శని, ఆదివారం తెచ్చుకోండి, వేడి చేసే పని అంతా ఒకేసారి పెట్టుకుంటే సరిపోతుంది. గన్‌ని ఒకే చోట పెట్టకుండా గాలి విసిరినట్టు తిప్పుతూ ఉంటే ఫోమ్ ఉపరితలం మీద సన్నని మెరుపు వస్తుంది. ఆ మెరుపే గుర్తు, పైనున్న బుడగలు మూసుకుపోయాయని. దాని తర్వాత పెయింట్ లోపలికి ఇంకదు. అదే వేడిలో మోకాలి మీదో పెద్ద గిన్నె మీదో పెట్టి వంచి, చల్లారే వరకు పట్టుకోండి. ఒక అందమైన విషయం చెప్పనా, పైపైన బ్లేడుతో గీత గీసి వేడి చేస్తే ఆ గీత తనంతట తానే తెరుచుకుని లోతైన గాడిలా అవుతుంది. మూడో కవచం ఛాతీ మీద నగిషీ అంతా అలా వచ్చిందే, ఒక్క ముక్క కూడా అదనంగా అంటించలేదు. అది తెరుచుకోవడం మొదటిసారి చూసిన రాత్రి రెండింటి దాకా పడుకోలేదు నేను. ఎక్కువ వేడి పెడితే మాత్రం ఫోమ్ ముడుచుకుపోయి బొబ్బలు వస్తాయి, పొగ వస్తుంది. కిటికీలు తెరిచి, గాలి ఆడే చోటే చేయండి.

ఇక జిగురు. మొదటి కాస్ట్యూమ్ మొత్తం గ్లూ గన్‌తో (గ్లూ స్టిక్ అనే జిగురు కడ్డీని కరిగించి పూసే పరికరం) అతికించాను. ఎందుకంటే చేతిలో ఉన్నది అదే, పైగా నిమిషంలో అంటుకుంటుంది, చూడ్డానికి గట్టిగానే ఉంది. కన్వెన్షన్ రోజు కవచాన్ని కారు డిక్కీలో పెట్టుకుని వెళ్లి, బయట ఎండలో గంటన్నర లైన్‌లో నిలబడ్డాం. ఎండలో మూసి ఉంచిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు, గ్లూ స్టిక్ అంటే వేడికి కరగడం కోసమే చేసిన వస్తువు. లోపలికి వెళ్లే సరికి ఎడమ భుజం వేలాడుతోంది, మధ్యాహ్నానికి ఛాతీ మధ్య అతుకు తెరుచుకుంది. సేఫ్టీ పిన్నులతో, టేపుతో పట్టించుకుని, ఎవరైనా ఫోటో అడిగితే చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నాలుగు నెలల పని అది. ఆ రోజు నాకు ఎంత బాధ వేసిందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. గ్లూ గన్ అసలు వద్దని కాదు, లోపలి వైపు వెల్క్రో కింద ఊతానికో, బరువు పడని చిన్న అలంకారానికో వాడుకోవచ్చు. కానీ వంపు లాగే అతుకు దేనికీ వాడకండి, అది గట్టిపడ్డాక అంచుల్లో గట్టులా పైకి లేచి పెయింట్ కింద కూడా కనిపిస్తుంది.

కావలసింది కాంటాక్ట్ సిమెంట్, అంటే చెప్పులు కుట్టేవాళ్లు సోల్ అంటించడానికి వాడే ఆ పసుపు పచ్చ జిగురు రకం. పద్ధతి మామూలు జిగురుకి పూర్తిగా వేరు. రెండు అంచులకీ పల్చగా పూయాలి, పూసి వెంటనే కలపకూడదు, 10 నుంచి 15 నిమిషాలు ఆరనివ్వాలి, వేలు పెడితే అంటుకోకుండా ఉన్నప్పుడు రెండిటినీ కలపాలి. కలిపిన క్షణంలోనే పట్టేస్తుంది, సర్దుకునే అవకాశం ఇవ్వదు. అందుకే ఇందాక చెప్పిన అడ్డ గుర్తులు, వాటిని ఒక్కొక్కటిగా జత చేసుకుంటూ కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవాలి. చాలామంది ఇది అంటుకోవట్లేదు అని రాస్తుంటారు, నూటికి తొంభై మంది తడిగా ఉండగానే కలిపేసి ఉంటారు. ఫోమ్ కోసిన అంచు మొదటి పూతని కొంచెం పీల్చేసుకున్నట్టు అనిపిస్తే రెండో పూత వేసి మళ్లీ ఆగండి. ఆగడమే ఇందులో అసలు పని. నా మూడో కవచాన్ని పరీక్షగా లాగి చూశాను, అతుకు ఊడలేదు, అతుకు పక్కన ఫోమ్ చిరిగింది.

దీని ఆవిరి మాత్రం మంచిది కాదు, ఇది తేలిగ్గా తీసుకోకండి. మామూలు రకాల్లో ఉండే ద్రావకాలు తలనొప్పి, తల తిరగడం తెప్పిస్తాయి, నిప్పు కూడా అంటుకుంటాయి. బయటో బాల్కనీలోనో చేయండి, దగ్గర్లో స్టవ్ గానీ హీట్ గన్ గానీ ఉండకూడదు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపవు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టేసే ఫిల్టర్) ఉన్న రెస్పిరేటర్, అంటే ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు కావాలి. శాండ్ పేపర్ పెట్టేటప్పుడు దుమ్ము మాస్కు వేసుకోండి, ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది. బడ్జెట్‌లో రెస్పిరేటర్‌కి చోటు లేదనుకుంటే, నీళ్ల ఆధారంగా చేసిన కాంటాక్ట్ సిమెంట్లు కూడా దొరుకుతాయి, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఘాటు మాత్రం చాలా తక్కువ. ఇంట్లో చిన్న పిల్లలుంటే అదే తీసుకోమంటాను.

అతుకుల్లో మిగిలిన సన్నని సందులకి బాత్రూమ్ అంచుల్లో వాడే అక్రిలిక్ సీలెంట్ పెట్టి తడి వేలితో నున్నగా లాగేస్తే సరిపోతుంది. సిలికాన్ రకం వద్దు, దాని మీద పెయింట్ నిలబడదు.

పూత సంగతికి వస్తే, తక్కువ ఖర్చులో తెల్ల పీవీఏ జిగురు, అదే చెక్క పనికి, స్కూల్ పనికి వాడేది, నీళ్లు కలిపి పల్చగా అయిదారు పూతలు వేస్తే చక్కటి గట్టి పొర వస్తుంది. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. కానీ మడత పడే చోట, నడుము దగ్గరా మోచేతి దగ్గరా ఇది పగుళ్లు ఇస్తుంది. నా రెండో కాస్ట్యూమ్ దూరం నుంచే బాగుందని అందుకే అన్నాను, దగ్గరికి వస్తే నడుము పలకల మీద ఎండిన చెరువు అడుగులా పగుళ్లు. కదిలే భాగాలకి ప్లాస్టీ డిప్ లాంటి రబ్బరు స్ప్రే వాడండి, మూడు నాలుగు పూతలు, ఆరాక కూడా సాగుతుంది. దాని ఖర్చు పీవీఏ కంటే బాగా ఎక్కువ, కాబట్టి కదలని ఛాతీకి, వీపుకి పీవీఏ, కదిలే చోట్ల మాత్రమే స్ప్రే, ఇలా పంచుకుంటే ఒక డబ్బా సరిపోతుంది. పైన అక్రిలిక్ పెయింట్. వెండి రంగుని నేరుగా వేస్తే బొమ్మలా ఉంటుంది. ముందు నలుపు వేసి, ఆరాక వెండి వేసి, ఆ మీద నలుపూ గోధుమ రంగూ నీళ్లలో బాగా పల్చన చేసి పూసి వెంటనే గుడ్డతో తుడిచేయండి. గాడుల్లో మురికి నిలిచిపోతుంది, ఎత్తుగా ఉన్న చోట్ల మెరుపు మిగులుతుంది. మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చేది ఈ పది నిమిషాల తుడుపే. ఎవరికైనా ఒక్క చిట్కా మాత్రమే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను.

వేసుకున్నాక ఎలా ఉంటుంది? బరువు అసలు సమస్య కాదు, ఒక్కో మ్యాట్ అర కిలో కూడా ఉండదు. సమస్య వేడి. గాలి చొరబడని సరుకుతో ఒళ్లంతా కప్పుకుంటున్నాం కదా, అరగంటకే లోపల తడిసిపోతాం. చంకల కిందా వీపు మధ్యా పలకల మధ్య ఖాళీలు వదలండి, బయటికి కనిపించవు. లోపల చెమట పీల్చే పల్చటి బట్ట వేసుకోండి, నీళ్ల సీసా పట్టుకునే మనిషి ఒకరు మీతో ఉండాలి. పట్టీలకి ఎలాస్టిక్, బకిల్స్, వెల్క్రో కలిపి వాడాను. వెల్క్రోకి వెనక ఉండే జిగురుని నమ్మకండి, చెమటకి ఊడి వస్తుంది, ముందు బట్ట పట్టీకి కుట్టి ఆ పట్టీని కాంటాక్ట్ సిమెంట్‌తో అంటించాలి. కన్వెన్షన్‌కి వారం ముందు ఇంట్లో రెండు గంటలు పూర్తిగా వేసుకుని తిరగండి, కూర్చోండి, మెట్లెక్కండి, తలుపుల్లోంచి నడవండి, ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్లగలరా చూసుకోండి. నా భుజాలు తలుపులో పడతాయా లేదా అన్నది ఇంట్లోనే తెలిసింది కాబట్టి కోసి సరిచేసుకున్నాను.

ఆయుధం చేసేవాళ్లకి కూడా ఈ మ్యాట్ మంచిదే. మధ్యలో సన్నని పీవీసీ పైపు పెట్టి రెండు వైపులా ఫోమ్ అంటిస్తే కత్తి వంగదు. కాకపోతే ముందు ఆ కన్వెన్షన్ నియమాలు చదవండి, ఎంత పొడవు ఉండొచ్చు, లోపల పైపు ఉండొచ్చా లేదా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చాలా చోట్ల ద్వారం దగ్గరే ఆయుధాలు చూసి ట్యాగ్ కడతారు. అసలు తుపాకీలా కనిపించేవాటిని, పదునైన లోహపు వాటిని లోపలికి రానివ్వరు. ఫోమ్ వాటికి ఈ తనిఖీలో ఇబ్బంది తక్కువ, ఇది కూడా దీని వైపు ఉన్న మంచి విషయమే.

వేరే సరుకులతో పోల్చమంటే, అట్టపెట్టెల అట్ట దీనికంటే చవక, మొదటి నమూనాకి దాన్నే వాడండి, కానీ గుండ్రటి వంపు రాదు, చెమట తగిలితే మెత్తబడిపోతుంది. థర్మాకోల్‌ని హెల్మెట్‌ లాంటి వాటికి వాడదామనుకుంటారు, మామూలు స్ప్రే పెయింట్ దాన్ని తినేస్తుందని గుర్తుంచుకోండి. వర్బ్లా అని ఒక థర్మోప్లాస్టిక్ (వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడే ప్లాస్టిక్) ఉంది, దాదాపు 90 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మిగిలిన ముక్కల్ని మళ్లీ వేడి చేసి ముద్ద చేసి వాడుకోవచ్చు, గట్టిదనంలో ఫోమ్ దాని దగ్గరకి రాదు. ఖర్చులో కూడా రాదు. కిరీటం, కొమ్ములు లాంటి చిన్న గట్టి భాగాలకి ఒక చిన్న షీట్ కొనుక్కుంటే చాలు. రెడీమేడ్ కాస్ట్యూమ్ కొనుక్కోవడం తప్పేం కాదు, సమయం లేనివాళ్లు కొనుక్కుంటారు, వాళ్ల ఇష్టం. కానీ నాకు ఈ పనిలో ప్రాణం పెట్టేది చేయడమే. కాస్‌ప్లే అనే మాట జపాన్‌లో 1980ల్లో పుట్టింది, కాస్ట్యూమ్, ప్లే అన్న రెండు మాటలు కలిపి. అంతకు చాలా ముందే, 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్లలా వేషాలు వేసుకుని వెళ్లారు, ఆ రెండు వేషాలూ తయారు చేసింది మర్టిలే. అంటే కన్వెన్షన్‌లకి వేషాలతో వెళ్లే ఈ అలవాటు మొదలైందే ఒకామె సొంత చేతి పనితో. ఫోమ్ దుమ్ములో కూర్చుని అర్ధరాత్రి భుజం ముక్క నున్న చేస్తున్నప్పుడు ఆమె గుర్తొస్తుంది నాకు.

ఎవరు కొనాలి? మొదటిసారి కవచం చేసేవాళ్లు, కనీసం నెలన్నర సమయం ఉన్నవాళ్లు, తప్పుగా కోసినా ఇంకో ముక్క తీసుకుని మళ్లీ మొదలుపెట్టగలిగేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. బట్టలతోనే అయిపోయే పాత్ర, అంటే యూనిఫామ్, గౌను, కోటు లాంటివి చేసేవాళ్లకి దీనితో పని లేదు, ఆ డబ్బు మంచి విగ్గు మీద పెట్టండి. వారం రోజుల్లో కన్వెన్షన్ ఉందనుకుంటే కూడా వద్దు, పూతలు ఆరడానికే నాలుగు రోజులు పోతాయి. సన్నని, పదునైన అంచులు కావాల్సిన చోట ఇది నిరాశపరుస్తుంది, ఎంత గీకినా అంచు కొంచెం మొద్దుగానే ఉంటుంది. నిల్వ చేసేటప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, బరువు పడిన చోట నొక్కుకుపోయి వంపు మారిపోతుంది. నేను ఛాతీ ముక్కలో పాత దుప్పటి కుక్కి, హ్యాంగర్‌కి తగిలించి, ఎండ పడని గోడకి పెట్టాను.

నా మార్కులు: ఈవీఏ నేల మ్యాట్‌కి 5కి 4, అంచుల పదును కోసం ఒకటి తగ్గించాను. కాంటాక్ట్ సిమెంట్‌కి 5కి 5. గ్లూ గన్‌కి, కవచం పనికి మాత్రమే చెబుతున్నాను, 5కి 1. నాలుగో కాస్ట్యూమ్‌కి మళ్లీ ఇవే మ్యాట్‌లు, ముదురు బూడిద రంగువి, 8 తెప్పించాను. ఈసారి చెల్లికి కూడా ఒక జత ముంజేతులు చేయాలి, కొలతలు నిన్ననే తీశాం, ఊపిరి బిగబట్టకు అని చెప్పడం నా వంతు అయింది.